నీలం దారం కట్టిన క్యారేజీ

నేను ఒక క్యారేజీని. మూడు గిన్నెలు, ఒక మూత, పైన పిడి, పక్కన కాస్త వదులైన క్లిప్పు. స్టీలు సామాన్ల కొట్టులో నాలాంటివి వరసగా వేలాడుతుంటే మీరు చూసే ఉంటారు. చూసి, ఏదో ఒకటి దించమని కొట్టువాడితో చెప్పి ఉంటారు. మాలో తేడాలు మీకు కనిపించవు. దానికి నేనేమీ నొచ్చుకోను. బస్టాండులో మిమ్మల్ని చూసినప్పుడు నాకూ అలాగే ఉంటుంది.

పుట్టింది చెన్నపట్నం శివార్లలో ఒక రేకుల షెడ్డులో. అక్కడి నుంచి చీరాల బజారుకు చేరాను. ఒక మేనమామ తన మేనకోడలి పెళ్ళికి నన్ను కొని, కొట్టు ముందు కూర్చునే పేర్లు కొట్టే మనిషి చేతిలో పెట్టాడు. అతను సన్నని ఉలితో చుక్క చుక్కగా నా పై గిన్నె మీద ‘మస్తానయ్య - కోటిరత్నం’ అని కొట్టాడు. నొప్పి సంగతి అడక్కండి. పేరు కొట్టాక గిన్నెను కొట్టువాడు వెనక్కి తీసుకోడు. బాగున్నా బాగాలేకపోయినా ఆ ఇంట్లోనే ఉండాలి. మనుషుల పెళ్ళిలోనూ ఇలాంటి ఏర్పాటే ఏదో ఉన్నట్టుంది.

మస్తానయ్య లారీ డ్రైవరు. కోటిరత్నం మగ్గం నేసేది. మొదట్లో ఆమె నా మూడు గిన్నెలూ నింపి ఇస్తే నేను లారీ సీటు వెనక కూర్చుని ఊళ్ళు తిరిగాను. కొన్నాళ్ళకు ఆయన దారి పక్క హోటళ్ళ రుచి మరిగాడు. నన్ను అటక మీదికి ఎక్కించారు. అక్కడి నుంచి మగ్గం గుంట బాగా కనిపించేది. ఆమె గుంటలో కూర్చుని నాడె అటూ ఇటూ విసురుతుంటే, ఆయన గట్టు మీద కూర్చుని తను తిన్న హోటళ్ళ గురించి చెప్పేవాడు. ఫలానా ఊళ్ళో చేపల పులుసు, ఫలానా మలుపులో రొట్టెలు, వడ్డించేవాడి మీసాలు, గల్లాపెట్టె దగ్గర కూర్చునే పెద్దాయన కోపం. చెప్పడంలో ఆయనకు ఆయనే సాటి. వినేటప్పుడు ఆమె చెయ్యి ఆగేది కాదుగాని, నాడె కాస్త నెమ్మదించేది.

అంతా విన్నాక ఆమె ఒకటే మాట అనేది.

“అన్ని హోటళ్ళు తిరిగొచ్చావు. నన్ను ఒక్కదానికన్నా తీసకపోయావంటయ్యా?”

“నీ చేతి కూడు ముందు అయ్యేం కూళ్ళే!” అనేవాడాయన.

ఆ మాటకు ఆమె నవ్వి ఊరుకునేది. ఇలా ముప్పై ఏళ్ళు ఊరుకుంది. మగవాళ్ళు ఇంత చవగ్గా తప్పించుకోవడం నాకు అటక మీద నుంచి చూస్తుంటే ఒళ్ళు మండేది. కానీ నన్నెవరు అడిగారు?

ఒక ఏడాది ఆమెకు గొంతులో గడ్డ లేచింది. మింగుడు పడటం మానేసింది. హైదరాబాదు తీసుకుపొమ్మన్నారు. ఆ హడావుడిలో అటక మీద నుంచి నన్ను దించి, దుమ్ము కడిగి, రెండు చీరల మధ్య పెట్టి సంచిలో కుక్కారు.

పెద్దాసుపత్రిలో చూసి, గడ్డ మాడిపోవడానికి ముప్పై మూడు సార్లు కరెంటు పెట్టాలన్నారు. ఆస్పత్రి వెనక సందులో ఒక లాడ్జీలో మేడ మీద గది దొరికింది. రోజూ పొద్దున కరెంటుకు వెళ్ళి రావడం, తరువాత రోజంతా మంచం మీద పడుకోవడం. రెండో వారం ఆమెను తూకం మిషను ఎక్కించిన డాక్టరమ్మ మస్తానయ్యను పక్కకు పిలిచింది. ఆయన చేతిలో నేనూ ఉన్నాను కాబట్టి విన్నాను.

“నలభై ఉన్నారు. ముప్పై ఎనిమిది కంటే తగ్గితే ఇది తట్టుకోలేరు. మధ్యలో ఆపేయాల్సి వస్తుంది. ఆపితే ఇప్పటిదాకా పెట్టింది కూడా వృథా. ఎలాగైనా తినిపించండి.”

రెండు కిలోలు. ఒక మనిషి బతకడానికీ పోవడానికీ మధ్య అంతే ఉంది. నేను వట్టిగా ఉన్నప్పుడు అంతకంటే కాస్త తక్కువ తూగుతాను.

ఆ రోజు నుంచి మస్తానయ్య నన్ను పట్టుకుని ఊరి మీద పడ్డాడు. దేశంలో ఏ రోడ్డు ఎటు పోతుందో చెప్పగల మనిషి, చేతిలో స్టీరింగు లేకపోయేసరికి రోడ్డు దాటడానికి పావుగంట నిలబడేవాడు. నాంపల్లి స్టేషను దగ్గర ఒక హోటల్లో ఇడ్లీలు మెత్తగా ఉన్నాయని కట్టించాడు. ఆమె ఒక ముక్క నోట్లో పెట్టుకుని, “ఉప్పు లేదయ్యా” అంది. మర్నాడు కాచిగూడలో పెసరకట్టు. “ఇందులోనూ ఉప్పు లేదు.” ఈయన అంత దూరం తిరిగి వెళ్ళి హోటలువాడితో తగువు పెట్టుకున్నాడు. అతను నా గిన్నెలోంచే చెంచాడు తీసుకుని తిని, ఈయన ముఖం వంక జాలిగా చూశాడు. ఆ చూపు ఈయనకు అర్థం కాలేదు. కరెంటుకు నాలుక చచ్చిపోతుందని, కొన్నాళ్ళు ఏదీ రుచి తెలియదని నర్సు చెప్పింది. ఈయన తల ఊపాడు కానీ నమ్మలేదు. ఇక్కడ బాగోకపోతే ఇంకొంచెం ముందుకు పోతే మంచి హోటలు తగులుతుందని జన్మంతా నమ్మినవాడు. రోజుకో హోటలు చొప్పున ముందుకు పోయాడు. నేను ఆమె ముందుకు నిండుగా వెళ్ళి నిండుగానే తిరిగి వచ్చేవాణ్ణి. క్యారేజీ పుట్టుకకు అంతకంటే అవమానం లేదు.

చిక్కడపల్లిలో ఆ మేడ మీది భోజనశాల మాత్రం నేను మరచిపోలేను. వీధిలో బోర్డు లేదు. మెట్ల దగ్గర చెప్పుల కుప్ప చూసి మస్తానయ్య ఎక్కాడు. పైన పీటల మీద పన్నెండు మంది కూర్చున్నారు. అంతకంటే ఒక్కరిని కూర్చోనివ్వరు, అందరూ ముగించేదాకా ఒక్కరిని లేవనివ్వరు. వడ్డించేది ఒక ముసలాయనే, పంచె ఎగగట్టి, నడుం వంగిపోయి. నన్ను చూడగానే ఆయన కసురుకున్నాడు.

“డబ్బాలో పోసి పంపడానికి ఇది పెట్రోలు కాదు నాయనా. కూర్చుని తినేట్టయితే ఉండు.”

“నాక్కాదండీ. మా ఇంటిదానికి. గొంతు బాగలేదు, కరెంటు పెడతన్నారు” అన్నాడు మస్తానయ్య. ఊరుగాని ఊళ్ళో ఆ మాట బయటికి అనడం ఆయనకు అదే మొదలు.

ముసలాయన నన్ను లోపలికి తీసుకుపోయాడు. వేడి అన్నంలో పాలు పోసి, ఒక్క చుక్క పెరుగు కలిపి, మెతుకు తెలియకుండా చేత్తో చాలాసేపు మెదిపాడు. బయట పన్నెండు మంది చారు కోసం ఎదురుచూస్తున్నా తొందరపడలేదు. అన్నేళ్ళలో నాలో ఎవరూ అంత మర్యాదగా అన్నం పెట్టలేదు.

గదికి వచ్చాక మస్తానయ్య ఆమెకు ఆ హోటలు గురించి చెప్పాడు. చెప్పులు, పీటలు, ముసలాయన కసురు, పెట్రోలు మాట. అన్నీ ఆ ముసలాయన గొంతుతోనే చెప్పాడు. ఆమె వింటూ, చేతి పని మీద ధ్యాస లేనట్టు, ఒక్కో ముద్ద నోట్లో పెట్టుకుంది. మగ్గం దగ్గర విన్నట్టే విన్నది. కథ అయ్యేసరికి నా పై గిన్నె సగం ఖాళీ. ఇద్దరూ గిన్నెలోకి చూసి, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నాకు మాత్రం గట్టిగా మోగాలనిపించింది.

“రేపు ఏ హోటలు?” అని అడిగింది ఆమె.

అలా దొరికింది దారి. ఆ తరువాత ఆయన రుచి చూసి కాదు, చెప్పడానికి ఏముందో చూసి హోటళ్ళు వెతికాడు. సుల్తాన్ బజారు సందులో ఒక్క ఊపిరిలో నలభై వంటకాల పేర్లు అప్పజెప్పే సర్వరు. పగిలిన పాలరాతి బల్లల ఇరానీ హోటల్లో, తన ముందున్న ఖాళీ కుర్చీకి కూడా ఒక చాయ్ తెప్పించే పెద్దమనిషి. అక్కడ బన్ను పాలలో నానబెట్టించి తెచ్చాడు. ఆమె తిన్నది. సోమవారం తూకంలో ముప్పై తొమ్మిది. ఆ మరుసటి సోమవారం ముప్పై తొమ్మిదికి కాస్త అటూ ఇటూ. ముల్లు అక్కడ ఆగింది.

ఒక మధ్యాహ్నం మేము మోజంజాహీ మార్కెట్టు నుంచి తిరిగి వచ్చేసరికి ఆమె స్నానాల గది గడప మీద పడి ఉంది. కళ్ళు తిరిగాయట. నుదురు చిట్లింది. ఎంతసేపు అలా ఉందో ఆమెకే తెలియదు. ఆ పూట ఆయన ఆమె పాదాలు పట్టుకుని కూర్చున్నాడు, నన్ను తెరవడం కూడా మరచిపోయాడు.

ఇక గది వదిలి పోకూడదు. హోటలు లేకపోతే ఆమె తినదు. మస్తానయ్య లాడ్జీ కిందనే ఉన్న మెస్సుకు దిగాడు. రేకుల కప్పు, నాలుగు బెంచీలు, ఒక గ్యాసు పొయ్యి. నడిపేది బాలమణి అనే ఆవిడ. రోగుల తాలూకు మనుషులంతా ఆమె దగ్గరే క్యారేజీలు పెట్టి పోతారు. ఆమెకు చదువు రాదు, నా మీద కొట్టిన పేరు ఆమెకు గీతలతో సమానం. అందుకని ఒక్కొక్కరి క్యారేజీ పిడికి ఒక్కో రంగు దారం కట్టేది.

“గిన్నెలన్నీ ఒక్క తీరుగుంటయన్నా. మారిపోతే కారం తినేటోళ్ళది వదినకు వోతది. నీది నీలం, యాదికుంచుకో” అని నా పిడికి నీలం నూలు పోగు చుట్టి, వదులుగా ఒక ముడి వేసింది.

రోజూ అదే మెత్తటి అన్నం, అదే పలచటి పప్పుకట్టు. హోటలు మాత్రం రోజూ మారేది. నన్ను పట్టుకుని మస్తానయ్య మొదటి మెట్టు మీద ఏ పేటో ఎంచుకునేవాడు, పదమూడో మెట్టు ఎక్కేలోపు హోటలు కట్టేసేవాడు. ఊరు తిరిగి వచ్చినట్టు ఉండాలి కదా, గది తలుపు పక్కనే నన్ను ఒళ్ళో పెట్టుకుని అరగంట కూర్చునేవాడు. లోపల ఆమె దగ్గినా, మంచం కిర్రుమన్నా చెవి అటే. తరువాత లేచి, వగరుస్తున్నట్టు తలుపు తోసేవాడు.

“అబ్బ, ఎంత దూరమే రత్నం! ఇయ్యాల బేగంబజారు పక్కన ఒక హోటలు దొరికింది, ఓనరు చిలకను పెంచుతన్నాడు. బిల్లు చిలకే చెబుతది!”

సిగ్గుతో నా మూత బిగుసుకుపోయేది. ఆమె వినేది. తినేది.

ముప్పై ఏళ్ళు నూలుతో బతికిన మనిషి ముందు దారం కట్టి ఉన్న క్యారేజీ పెట్టి అబద్ధం చెప్పడం ఎంత పొరపాటో ఆయనకు తట్టలేదు. ఆయనకు తిండి కనపడుతుంది, రోడ్డు కనపడుతుంది, దారం కనపడదు. నాలుగో రోజు ఆయన గిన్నెలు కడిగి నన్ను మంచం పక్కన పెట్టి, నీళ్ళు పట్టడానికి పోయాడు. ఆమె నన్ను దగ్గరికి లాక్కుంది. ఆ నీలం పోగును వేళ్ళ మధ్య నలిపి చూసింది. వదులు ముడి ఊడిపోయేట్టుంది. దాన్ని విప్పి, మగ్గం మీద తెగిన పోగు అతికేటప్పుడు వేసే ముడి వేసింది. మిగిలిన కొస పళ్ళతో కొరికింది. ఆ కాస్త పనికే ఆమె నుదుట చెమట పట్టింది. ఆయన బిందెతో వచ్చేసరికి గోడ వైపు తిరిగి పడుకుంది.

మర్నాడు ఆయన కొత్త హోటలు చెబుతుంటే, “ఆ తరవాత? ఓనరు ఏమన్నాడు?” అని ఆమే అందించింది.

ముప్పై మూడో కరెంటు పూర్తయింది. తూకం ముప్పై ఎనిమిదిన్నర. మస్తానయ్య ఆస్పత్రి వరండాలో అందరికీ దణ్ణాలు పెట్టాడు. గదికి వచ్చి, “సాయంత్రం బండికి పోదాం. దానికంటే ముందు నిన్ను హోటలుకు తీసకపోతా. నేను చెప్పినవాటిలో ఏదంటే అది. ఆటో పిలుస్తా. చెప్పు, యాడికి?” అన్నాడు.

“నీలం దారం కట్టే హోటలుకి” అంది ఆమె.

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. ఆమె నా పిడి మీద వేలు పెట్టి చూపించింది. ఆయన మంచం పట్టె మీద కూలబడి, తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఆమె ఆయన వీపు నిమిరింది.

“చిలక హోటలు మాత్రం బాగుందయ్యా” అంది.

పదమూడు మెట్లు దిగడానికి చాలాసేపు పట్టింది. ఆమె కొంగు సర్దుకుని బెంచీ మీద కూర్చుంది. పెళ్ళయిన ముప్పై ఏళ్ళకు, భర్త పక్కన, హోటల్లో. బాలమణి కంచంలో వడ్డించి ఎదురుగా నిలబడింది. కోటిరత్నం నాలుగు ముద్దలు తిన్నది. నాలుకకు ఇంకా మట్టికీ అన్నానికీ తేడా తెలియదు. తల ఎత్తి బాలమణితో అంది:

“ఉప్పు సరిపోయిందమ్మా.”

మస్తానయ్య కంచం మీదికి తల వంచుకున్నాడు. నేను బల్ల మీదే ఉన్నాను. ఆయన మెతుకు కతకడం నేను చూడలేదు.

ఆమె మరో నాలుగు నెలలు ఉంది. చివరి నెలలో గడ్డ మళ్ళీ వచ్చింది. ఈసారి కరెంటు లేదన్నారు. ఆ నెల ఆమె తినలేదు, హోటళ్ళ గురించి మాత్రం విన్నది. ఒకరోజు వింటూ వింటూ ఆగిపోయింది. ఆయన హోటలు పూర్తి చేసేదాకా చూసుకోలేదు.

పెద్దకర్మ అయిన వారానికి మస్తానయ్య నన్ను పట్టుకుని ఒక్కడే హైదరాబాదు బండి ఎక్కాడు. బాలమణి ఆయన్ని చూసింది, పక్కన ఎవరూ లేకపోవడం చూసింది, మంచినీళ్ళ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టింది.

“నీ దగ్గరికి గిన్నెలు లేకుండా వచ్చేవాళ్ళుంటారు గదమ్మా. వాళ్ళకియ్యి” అన్నాడాయన.

కొత్తవాళ్ళకు కొత్త రంగు కట్టాలని ఆమె నా పిడి దగ్గర పాత దారం ఊడదీయబోయింది. గోటితో గీకింది, పంటితో లాగింది.

“గిదేందన్నా, ఊడ్తనే లేదు?”

“ఊడదమ్మా. మా ఆడదాని ముడి అది” అని చెప్పి ఆయన మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

ఇప్పుడు నేను బాలమణి మెస్సులో ఉంటున్నాను. నా పై గిన్నె మీద పేర్లు చదివి కొందరు వాళ్ళెవరని అడుగుతారు. బాలమణి పొయ్యి వైపు తిరుగుతుంది. ఈ వారం నన్ను భూపాలపల్లి నుంచి తల్లిని తెచ్చుకున్న ఒకతను వాడుతున్నాడు. ఆమె రెండు రోజులుగా ముద్ద ముట్టడం లేదు. నిన్న అతను మెట్ల మీద కాసేపు ఆగాడు. గదిలోకి వెళ్ళి, “అమ్మా, ఇయ్యాల కోఠిల మంచి హోటల్ దొరికింది” అన్నాడు. ఆ ముసలమ్మ అతన్నీ నన్నూ చూసి, “ఎట్లుంది బిడ్డా, చెప్పు” అంది.

ఆమె తినేదాకా నేను మూత తెరుచుకుని ఉన్నాను. నా పిడికి ఇప్పుడు రెండు దారాలు. పసుపు రంగుది అతను వెళ్ళగానే తీసేస్తారు.