తోలు తీసిన చేప

అతని భార్యను చంపింది ఆమె తమ్ముడే. అందులో అతనికి అనుమానం లేదు.

ఆ ఉదయం ఎప్పటిలాగే రేవుకు బయలుదేరుతూ చేతులకు రబ్బరు తొడుగులు ఎక్కించుకుంటున్నాడు. పని ఒక్కటే. ఏరు సముద్రంలో కలిసేచోట పట్టిన చేపల కుప్పలోంచి విషపు బుడగచేపలను ఏరి పారేయడం. చుక్కల గోధుమరంగు వీపు, తెల్లటి పొట్ట, కుందేలు పళ్ళు. చేత పట్టగానే గుర్రుమంటూ బంతిలా ఉబ్బుతుంది. ఇరవై రెండేళ్ళలో ఒక్కటి కూడా అతని చెయ్యి దాటి బుట్టలో పడలేదు. తొడుగుల్లోకి దూరిన ఉప్పునీటికి వేళ్ళ సందులు పగిలిపోయాయి. ఇంత పనికీ బావమరిది పెట్టిన పేరు ‘బుడగ మేస్త్రి’. ఇప్పుడు రేవంతా అదే పిలుపు. విన్నప్పుడల్లా ఒళ్ళు మండేది.

భార్య గిన్నె పట్టుకొచ్చింది. తలా తోలూ లేని తెల్లటి ముక్కలు.

“తమ్ముడిచ్చి వెళ్ళాడు. పడవలో వాడి వాటా అంట. ఒకసారి చూడవయ్యా.”

“మీవాడు తెచ్చాక చూడ్డానికి నేనెవర్ని? బుడగ మేస్త్రినేగా.”

“అబ్బ, నీకంటే ఆ బుడగలే నయం. కాసేపటికైనా గాలి దిగుతుంది వాటికి.”

“బాగానే ఉంది. వండుకో.”

గిన్నె వైపు తల తిప్పలేదు.

ఎండెక్కాక రేవుకు కబురొచ్చింది. పరుగున వెళ్ళేసరికి ఆమె వంటగది గోడకు చేరగిలబడి ఉంది. పెదాలు తిమ్మిరెక్కాయంది. తర్వాత చేతులు కదల్లేదు. తర్వాత మాట పోయింది. చూపు మాత్రం పోలేదు. ఆసుపత్రి దారంతా ఆ కళ్ళు అతని మీదే ఉన్నాయి. గుమ్మం చేరేలోపే ఊపిరి ఆగింది.

సాయంత్రం బావమరిది వచ్చి వంటగది గడప మీద కూలబడ్డాడు.

“పడవవాళ్ళు తోలు తీసేసి చేతిలో పెట్టారు బావా. ఏ చేపో నాకు తెలీలేదు. నీకు చూపించందే పొయ్యి మీద పెట్టొద్దని అక్కకి మరీమరీ చెప్పాను. చూపించలేదా?”

పొయ్యి పక్కన అతని కోసం తీసిపెట్టిన కూర ఉంది. మూత తీశాడు. ఒక ముక్క అంచున గోరంత తోలు మిగిలింది. గోధుమరంగు మీద రెండు తెల్లచుక్కలు. మూత పెట్టేశాడు.

“బావా, నిన్నే. అక్క చూపించలేదా?”

“ఆ మాట నన్నడక్కు. ఇవాళే కాదు, ఎన్నడూ అడక్కు. నేను చచ్చేదాకా అది నా నోట రాదు.”