బెల్టు నడుస్తుండగా కొలవండి

కొలిచే రోజున షెడ్డు కడిగించారు. ఊరి చెత్తంతా వచ్చి పడే షెడ్డు అది. ఏడాది పొడుగునా చుక్క నీరు ఎరగని నేలను పొద్దున్నే కడిగించి, చెత్త మోసే బెల్టు ఆపించి, తలుపులు బార్లా తెరిపించాడు కాంట్రాక్టరు. ఆ తర్వాతే గాలిలోని సూక్ష్మజీవులను కొలిచే ఆఫీసరు వచ్చాడు. మేనేజరు గదిలో కొలిచి వెళ్లిపోయాడు. గాలి శుభ్రంగా ఉందని కాగితం వచ్చింది. ఆ కాగితం చూపించి, ఆరు నెలలుగా దగ్గుతున్న మనిషిని పనిలోంచి తీసేశారు. జబ్బు ఇంటి నుంచి తెచ్చుకుందట!

ఆమె పెద్దక్కకు తోడికోడలు. బెల్టు మీద చెత్త వేరుచేసేవాళ్లలో మిగిలిన పద్దెనిమిది మందిలో పెద్దక్క మాటే మాకు మాట.

"మేనేజరు ముక్కు దగ్గర కొలిస్తే మన ముక్కుల సంగతి ఎలా తెలుస్తుందే?" అంది అన్నాల దగ్గర. "మనమే కొలుద్దాం."

"మనకేం తెలుసక్కా?"

"దీని ఆడపడుచు కాలేజీలో చదివేది ఆ క్రిముల చదువేగా!" అని నన్ను చూపించింది.

మా ఆడపడుచు మూతలున్న గాజు పళ్లేలు తెచ్చింది. అడుగున జెల్లీ పేరుకుని ఉంది. "ఒకటి మేనేజరు గదిలో, ఒకటి బెల్టు పక్కన, మూత తీసి గంటసేపు ఉంచండి వదినా. పడిన క్రిములు రెండు రోజుల్లో చుక్కలుగా మొలుస్తాయి" అంది.

రెండు రోజులు గడిచాయి. ఒక్క చుక్కా లేదు. ఎవరు కబురు మోశారో, కాంట్రాక్టరు నవ్వుతూ వచ్చాడు. "మీ పళ్లేలే నా తరఫున సాక్ష్యం చెప్పాయి గదమ్మా!"

వాడు వెళ్లాక ఆడపడుచు ఒక పళ్లెం వాసన చూసింది. "వీటిని ఎవరైనా తుడిచారా?"

మాలో అందరికన్నా పెద్దావిడ బిక్కమొహం వేసింది. "నేనేనమ్మా. నలుగురూ చూసేవి గదా అని ఫినాయిలు గుడ్డతో పైపైన..."

"అత్తా! క్రిముల్ని పట్టమంటే చంపేసి కూర్చున్నావా!" అంది పెద్దక్క.

ఏడవాల్సిన చోట నవ్వేశాం. జన్మంతా ఊళ్లోవాళ్ల మురికి తుడిచిన చేయి మరి.

రెండోసారి ఎవరూ తుడవలేదు. మేనేజరు గది పళ్లెంలో మూడు చుక్కలు. బెల్టు పక్క పళ్లెంలో లెక్కపెట్టడానికి సందు లేదు. తీసుకెళ్లి కాంట్రాక్టరు బల్ల మీద పెట్టాం.

"ఇవి చెల్లవు. ఎంత గాలిలో ఎన్ని ఉన్నాయో చెప్పగలరా?"

"చెప్పలేం" అంది ఆడపడుచు. "వీటిలో వాటంతట అవి పడ్డవే ఉంటాయి. గాలిని కొలిచి లాగే పంపు ఆఫీసరు దగ్గరుంది. రప్పించండి. బెల్టు నడుస్తుండగా, వీళ్ల ముక్కు ఎత్తున పెట్టించండి."

"చదువుకున్న పిల్లవి, ఈ చెత్త మనుషులతో నీకేం పని?"

"నోరు అదుపులో పెట్టుకో" అంది పెద్దక్క. "మేం చెత్త మనుషులం కాదు. మీ చెత్త ఎత్తే మనుషులం."

ఆ సాయంత్రం వాదులాడుకున్నాం. "ఉన్న పని ఊడితే పిల్లలకేం పెడతాం?" అని ఒకామె. "ఊపిరే ఆగితే ఏం పెడతావే?" అని ఇంకొకామె. ఎటూ తేలక, తీసేసిన మనిషి ఇంటికి వెళ్లాం. నాలుగు మాటలు మాట్లాడేసరికి గోడ పట్టుకుంది. ఇక ఎవరూ వాదించలేదు.

మర్నాడు పద్దెనిమిది మందిమీ ఆఫీసరు గుమ్మం ముందు బైఠాయించాం. మూడో రోజుకి పంపు కదిలింది.

ఆఫీసరు దాన్ని షెడ్డులోకి తేగానే కాంట్రాక్టరు బెల్టు ఆపేశాడు. పెద్దక్క మీట నొక్కి నడిపించింది. సగం మందిమి చెత్త వేరుచేస్తూ నిలబడ్డాం. మిగతావాళ్లు పెద్దక్కతో కలిసి చేయీ చేయీ పట్టుకుని పంపు చుట్టూ నిలిచారు. అది అయిదు నిమిషాలు గాలి లాగాలి. మూడో నిమిషంలో పోలీసులు వచ్చారు.

"జరగండి!"

"ఇంకా రెండు నిమిషాలుంది" అంది పెద్దక్క.

లాఠీలు భుజాల మీద పడ్డాయి. చేతులు విడిపోలేదు. అయిదు నిమిషాలూ నిండి పంపు ఆగింది. ఆఫీసరు పంపులోని పళ్లేనికి మూత పెట్టి, దాని మీద అంటించే చీటీ తీశాడు.

"ఖాళీ షెడ్డు అని రాయండి" అన్నాడు కాంట్రాక్టరు.

"బెల్టు నడుస్తుండగా అని రాయి!" అన్నాం అందరం.

ఆఫీసరు మా మొహాలు చూశాడు. బెల్టు నడుస్తుండగా అని రాశాడు.

పని ఆపించిన నేరానికి పెద్దక్కను అరెస్టు చేశారు. "ఆపానా? కళ్లు పెట్టుకుని చూడండి, నడుస్తోంది!" అని వ్యాను ఎక్కేదాకా అరుస్తూనే ఉంది.

ఒక్కచోట కొలిస్తే చాలదని ఆడపడుచు ముందే చెప్పింది. ఆఫీసరు ముందు ఇంకో పళ్లెం పెట్టింది. బెల్టు దగ్గర్నుంచి పెద్దక్క నిలబడ్డ చోటి ఖాళీలోకి నేను జరిగి, రెండు పక్కలా చేతులు అందుకున్నాను.

"పంపు వెయ్యి" అన్నాను.