గౌస్ ముక్కు

కారు ముందు జాలీ ఊడదీసి, ఒళ్లో బోర్లించుకుని వెనకవైపు వేలితో తడుముతున్నాడు గౌస్. జాలీ అనడమే గాని దానికి ఒక్క కన్నమూ లేదు. కరెంటు కారుకు ఇంజనే లేనప్పుడు గాలితో ఏం పని? నున్నటి నల్ల పలక, మధ్యలో చార్జింగు మూత. ట్రాలీ తగిలి, మూతను పట్టుకునే చోట పలక చీలిపోయింది.

కారు త్రివేణిది. పాశమైలారంలో మందుల కంపెనీకి ఆడవాళ్లను షిఫ్టులకు చేరవేస్తుంది. మూత నిలవక వాన నీళ్లు లోపలికి పోయి, చార్జింగు సరిగా ఎక్కడం లేదు. కొత్త పలక ఎప్పుడొస్తుందో షోరూమువాళ్లకే తెలియదు. మధ్యాహ్నం షిఫ్టుకు బండి రాకపోతే డ్యూటీ ఇంకొకరికి ఇచ్చేస్తామని కంపెనీ మనిషి చెప్పేశాడట.

పటాన్‌చెరులో ఎవరి బంపరు విరిగినా ఈ రేకుల షెడ్డుకే వస్తుంది. ప్లాస్టిక్కును అదే జాతి ప్లాస్టిక్కుతో కరిగించి అతకాలి, లేకపోతే నిలవదు. జాతి తెలియడానికి గౌస్ చిన్న పెచ్చు గీరి, అంటించి, ఆర్పి, పొగ వాసన చూస్తాడు. పెళ్లయిన కొత్తలో మొదలైన పని. ఆ పొగే ఆయన ఊపిరిని సగం తినేసింది. పోయిన చలికాలం నుంచి ముక్కు కూడా పనిచేయడం లేదు. భార్య ఆలంబీకి కూడా చెప్పలేదు. ఆమె అత్తరు రాసి చూపిస్తే బాగుందని తలాడించాడు. షెడ్డులో కంటి అంచనాతో నెట్టుకొస్తున్నాడు.

ఇవాళ కూడా పెచ్చు అంటించి, అలవాటుగా కళ్లు మూసుకుని పీల్చాడు. ఏమీ తెలియలేదు. పాత బంపరు నుంచి కోసిన పట్టీ ఒకటి తీసి అతికాడు. చల్లారాక బొటనవేలితో నొక్కితే అతుకు పొరలా లేచి వచ్చేసింది.

పక్కనే నిలబడ్డ త్రివేణి ఫోను మోగుతూనే ఉంది. ఇంకోసారి తప్పితే పలక కరిగి సన్నబడి దేనికీ పనికిరాదు. తన పరువు దాచుకుంటే ఈ పిల్ల డ్యూటీ పోతుంది. గౌస్‌కు ఏడుపొచ్చినంత పనైంది. ఇంకో పెచ్చు అంటించి, ఆర్పి ఆమె వైపు చాచాడు.

"జెర నువ్వు సూడు బిడ్డా. నాకు వాసన తెలుస్తలేదు."

ఆమె పెచ్చు అందుకుంది. వంగి పీల్చి, దగ్గింది. "కొవ్వొత్తి ఆర్పినంక ఎట్లొస్తదో గట్లుంది చాచా."

ఆ వాసన ఏ జాతిదో గౌస్‌కు తెలుసు, వేరే పట్టీ తీశాడు. ఈసారి అతుకు పలకలో కలిసిపోయింది. మూత గట్టిగా పడింది. చార్జింగు ఎక్కించుకుని త్రివేణి షిఫ్టు వేళకు వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే పనిముట్లన్నీ పక్క షెడ్డు చిన్నరాములుకు ఇచ్చేశాడు గౌస్. ఏమైందని చిన్నరాములు అడిగితే, "ఇగ చాలు" అన్నాడు. తలుపేసి, దానిమీద పెయింటుతో రాసిన తన ఫోను నంబరును బ్లేడుతో ఒక్కొక్క అంకే గీకేశాడు. మళ్లీ అటు రాలేదు.

ఆ రేకు తలుపు మీద "బంపర్ గౌస్" అన్న పేరు అలాగే ఉంది. దాని కింద గీకిన చోట అప్పుడే తుప్పు ఎక్కుతోంది.