పోనాదన్న మాట

నేను ఒక తెల్ల కారును. నిజం చెప్పాలంటే, ఒకప్పుడు తెల్లగా ఉండేదాన్ని. ఫ్యాక్టరీ నుంచి నేరుగా విశాఖపట్నంలో ఒక బ్యాంకు ఆఫీసరు గారింటికి వెళ్లాను. ఏళ్లు గడిచినా సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు తీయనివ్వలేదాయన. ముసుగు కప్పి దాచడమే ఆయన దృష్టిలో ప్రేమ. ఆయన ఇంకా పెద్ద కారు కొనుక్కున్నాక పలాస దాలమ్మ చేతికి వచ్చాను.

దాలమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టిన మనిషి. జీడి రసం తగిలి వేళ్ల తోలు ఊడిపోయేది. నలభై దాటాక డ్రైవింగు నేర్చుకుని, కొండ ఊళ్ల బడులకు టీచర్లను తిప్పడం మొదలుపెట్టింది. గేరు పడక నేను కిర్రుమన్నప్పుడల్లా "ఏటీ అనుకోకే తల్లీ" అని బతిమాలుకునేది. నా స్టీరింగు పట్టుకున్నాకే ఆ వేళ్లు బాగుపడ్డాయి. నాకది ఎంత గర్వమో!

తుపాను నాడు ఇంటి ముందరి కొబ్బరిచెట్టు నా నడినెత్తిన కూలింది. ఇక నేను లేచేది లేదని తెలిసిపోయింది. నా సంగతి సరే, దాలమ్మ మళ్లీ పిక్కల దగ్గరికి వెళ్లాల్సి వస్తుందేమోనన్నదే నా బెంగ.

ఆమె ఏడుస్తూ ఇన్సూరెన్సు వాళ్లకు ఫోన్ చేసింది. "మా కారు పోనాదండీ!"

అవతలి అమ్మాయిది ఏ ఊరో ఏమో, పోయిందంటే దొంగలెత్తుకుపోయారని రాసుకుంది. మర్నాడు సెల్లుకు మెసేజి వచ్చింది, కారు దొరక్కపోతే పూర్తి బీమా విలువ చెల్లిస్తామని. దొంగలెత్తుకుపోయిన నేను కొబ్బరిమట్టల కింద హాయిగా పడుకుని ఉన్నాను! దాలమ్మ కంగారుపడి, అది దొంగతనం కాదు, చెట్టు పడిందని మళ్లీ ఫోన్ చేసి చెప్పింది.

అప్పుడొచ్చాడు ఇన్సూరెన్సు సర్వేయరు త్రినాథరావు. నా చుట్టూ తిరిగి పెదవి విరిచాడు.

"ఇది బాగుచేయడానికి పనికిరాదమ్మా. అయినా పాత బండి, టైర్లు చూడండి ఎలా అరిగిపోయాయో. విలువలో సగం ఇప్పిస్తాను."

నా మొహం మీదే నా టైర్లను అన్నాడు. ఒళ్లు మండిపోయింది.

దాలమ్మ సెల్లు తీసి ఆ మెసేజి చూపించింది. "బాబూ, దొంగోడు ఎత్తుకుపోతే నిండా ఇస్తామన్నారు. సెట్టు పడితే సగమేనేటి?"

"అది వేరే కేసమ్మా."

"కేసు ఏరే గానీ కారు ఒకటే కదేటి? దొంగోడికైతే అరగని టైర్లు సెట్టుకెలగ అరిగిపోనాయి?"

త్రినాథరావు నవ్వేశాడు. "మీరన్నదీ న్యాయమే. పూర్తి విలువకే రాస్తాను. పైవాళ్లు అడిగితే నేను చెప్పుకుంటాను."

మాట నిలబెట్టుకున్నాడు. డబ్బు పడిన రోజు దాలమ్మ గుమ్మంలో చతికిలబడి, తన వేళ్లు చూసుకుంటూ చాలాసేపు నవ్వింది. నా మీంచి చెట్టును తీసినప్పుడు కూడా నాకంత తేలిగ్గా అనిపించలేదు.

పాత ఇనుము లారీ వచ్చింది. వీధిలో అందరూ "దాలమ్మ కారు పోనాది" అనుకున్నారు. ఆమె మాత్రం నా తలుపు నిమిరి "పోయిరా తల్లీ" అంది. తిరిగి రానని తెలిసినా ఈ మనుషులు వట్టి 'పో' అనలేరు.

ఇప్పుడు రోడ్డు పక్కన తుక్కు గుట్టలో ఉన్నాను. ఈ ఉదయం ఏదో కారు కొండ వైపు వెళుతూ గేరు పడక కిర్రుమంది. లోపల టీచర్లు గొల్లున నవ్వారు. ఆ వెంటనే బతిమాలుకునే గొంతు వినిపించింది. నేను పోయాను గానీ, దాలమ్మ పిక్కల దగ్గరికి పోలేదు.