మిషిన్ ఒప్పుకోలే

నిజామాబాద్‌లో కంఠేశ్వర్ గుడికి పోయే దారిలో ఆత్మారాం సేటు కంప్యూటర్ జాతక కేంద్రం ఉండేది. అందులో నేను, గోదావరిని, ఆపరేటర్‌ని. సేటు జ్యోతిష్యుడు కాడు, బట్టల దుకాణం పెట్టి చేతులు కాల్చుకున్నవాడు. దుకాణం లెక్కలకని హైదరాబాద్ నుంచి కంప్యూటర్ తెచ్చుకుంటే, అమ్మినవాడు జాతకాలు చెప్పే ప్రోగ్రాం ఉన్న ఫ్లాపీ ఒకటి ఊరికే ఇచ్చి పోయాడు. చీరలు కొనని జనం జాతకాలకు ఎగబడ్డారు. ఏడాది తిరిగేసరికి చీరల బీరువాలు పోయి నవగ్రహాల పటం వచ్చింది, సేటు నుదుటికి విభూతి పట్టీలు వచ్చాయి.

ఇక చూడండి మనవాళ్ల తెలివి. నిజామాబాద్ నుంచి బోధన్ దాకా, రుద్రూర్ చుట్టుపక్కల చెరుకు ఊళ్ల దాకా, ఆ నల్ల తెర సరేనంటేనే లగ్గం, లేదంటే లేదు. పంతులు కాదంటే ఇంకో పంతులు దగ్గరికి పోయేవాళ్లు, కంప్యూటర్ కాదంటే మాత్రం తలవంచుకుని ఇంటికి పోయేవాళ్లు. చదువుకోనివాళ్లు కనీసం రెండు ప్రశ్నలు వేసేవాళ్లు. చదువుకున్నవాళ్లయితే చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చేవాళ్లు.

నాకు ఇందులో ఏ ఒక్కటీ నమ్మకం లేదు. ఎందుకంటే ఆ డబ్బా చెడగొట్టిన పెళ్లిళ్లలో నాదొకటి.

మాది బోధన్. మా అవ్వ, అంటే అమ్మ, వెంకటవ్వ బీడీలు చుట్టి నన్ను చదివించింది. అక్కడ బస్టాండ్ దగ్గర జిరాక్స్ దుకాణం నడిపే రామ్‌దాస్, నేను ఒకరినొకరం ఇష్టపడ్డాం. పెద్ద కథేమీ లేదు. నేను కాగితాలు జిరాక్స్ తీయించుకోవడానికి పోయేదాన్ని, అతను ఒక కాపీ అడిగితే రెండు తీసిచ్చేవాడు. మాటల్లో మాటగా ఇద్దరం చక్కెర ఫ్యాక్టరీ నాలుగు సైరన్‌కే పుట్టామని తెలిసి నవ్వుకున్నాం. వాళ్లమ్మ శంకరమ్మ కూడా సరేనంది. అంతా కుదిరాక, ఎందుకైనా మంచిదని ఇద్దరి జన్మ వివరాలూ పట్టుకుని సేటు దగ్గరికి పోయింది. కంప్యూటర్ నాకు కుజదోషం ఉందని చెప్పింది, అతనికి లేదంది.

మర్నాడు శంకరమ్మ మా ఇంటికి వచ్చింది. మా అవ్వకు బొట్టు పెట్టింది, ఇచ్చిన టీ చివరి చుక్కదాకా తాగింది, కప్పు కింద పెట్టి అప్పుడు చెప్పింది.

"పిల్ల మంచిదే అక్కా. గని మిషిన్ ఒప్పుకోలే. ఏమనుకోకుండ్రి."

అవ్వ ఆ రోజు ఒక్క బీడీ చుట్టలేదు. నేను బస్సెక్కి నిజామాబాద్ వచ్చి సేటు మీద ఒంటికాలి మీద లేచాను. ఆయన అంతా ఓపికగా విని, ఇంగ్లీషు టైపు వచ్చా అని అడిగాడు. పోట్లాటకు పోయినదాన్ని నౌకరీతో తిరిగొచ్చాను. నా పొట్ట కూడా ఆ డబ్బా మీదే ఆధారపడింది, ఏం చేస్తాం.

మా బోధన్ దిక్కు పుట్టిన వేళను గడియారం చూసి చెప్పేవాళ్లు తక్కువ. చక్కెర ఫ్యాక్టరీలో షిఫ్టు మారినప్పుడల్లా సైరన్ కూస్తుంది. పొద్దున ఎనిమిదికి, సాయంత్రం నాలుగుకు, అర్ధరాత్రి పన్నెండుకు. పెద్దోడు ఎనిమిది సైరన్‌కు పుట్టాడనో, చిన్నది నాలుగు సైరన్ కూసి ఆగంగానే పుట్టిందనో చెప్తారు. నాలుగంటే పొద్దునా సాయంత్రమా అని ఎవరూ అడగరు, తెల్లవారుజామున సైరన్ కూయదు కనుక. సేటుది నిజామాబాద్, ఆయనకు సైరన్ సంగతి తెలియదు. వాళ్లు నాలుగంటే నాలుగు, పన్నెండంటే పన్నెండు కొట్టేవాడు. నాకూ ఆ విద్యే నేర్పాడు.

తొంభై ఎనిమిదిలో, ఈ నిజామాబాద్‌లోనే కంప్యూటర్లు అమ్మే రాజమల్లు మా కేంద్రంలోకి దిగాడు. మా పాతదాన్ని నడిపే డాస్ ఎప్పుడో చచ్చిపోయిందని, సేటు ఇంకా శవాన్ని కూర్చోబెట్టి అగరుబత్తీలు వెలిగిస్తున్నాడని, ఇకమీద విండోసే దిక్కని చెప్పాడు. సేటు నసుగుతుంటే, వాడి చూసి చెప్పమని రంగుల తెర ఉన్న కొత్త కంప్యూటర్, దాంతోపాటు కొత్త జాతకం ప్రోగ్రాం బల్ల మీద పెట్టి పోయాడు.

సేటు మొట్టమొదట మౌస్‌కు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాడు. కుంకుమ లోపలి గోళీకి అంటుకుని బాణం గుర్తు తెర మీద కదలడం మానేసింది. కొత్తది మొండిదని ఆయన నిర్ణయానికి వచ్చాడు. నేను గోళీ తీసి తుడిచి పెట్టాక, మళ్లీ బొట్టు పెట్టాడు.

అసలు చిక్కు ప్రింటర్ దగ్గర వచ్చింది. పాత ప్రింటర్ అంచులకు చిల్లులున్న కాగితం మీద కిర్రు కిర్రుమని ఇల్లంతా అదిరేలా కొడుతుంటే జనం చేతులు జోడించి నిలబడేవాళ్లు. కొత్తది నాలుక చాపినట్టు మెల్లగా కాగితం బయటపెట్టి ఊరుకునేది. రుద్రూర్ నుంచి వచ్చిన ఒక ముసలాయన ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, సప్పుడే లేదు, ఇది ఆలోచించి చెప్పిందా ఊకెనే చెప్పిందా అని అడిగాడు. సేటుకు ఆ రాత్రి నిద్ర పట్టలేదట.

మారాలా వద్దా అని తేల్చుకోలేక చివరికి ఆయన ఏం చేశాడనుకున్నారు? కొత్త వస్తువు కొనడానికి ముహూర్తం ఉందా అని పాత కంప్యూటర్‌నే అడిగాడు. ఈ నెలంతా కొత్తవి కొనడం అరిష్టమంది. అదే ప్రశ్న కొత్తదాన్ని అడిగితే, ఈ వారాన్ని మించింది లేదంది. రెండూ తమ తమ నౌకరీలు కాపాడుకున్నాయి. సేటు మాత్రం జుట్టు పీక్కున్నాడు.

ఒకే మనిషిది రెండింట్లోనూ తీసి పోల్చి చూడమని ఆయనే అన్నాడు. నేను నాదే కొట్టాను. పాతది ఎప్పటిలాగే కుజదోషం అంది. కొత్తదాంట్లో నాలుగు కొట్టగానే తెర మీద ఒక చిన్న పెట్టె లేచి, ఉదయమా సాయంత్రమా అని అడిగింది. ఇన్నేళ్లలో మమ్మల్ని ఎవరూ అడగని ప్రశ్న. సాయంత్రం అని నొక్కాను. కుజదోషం లేదు.

 ఉదయం అని నొక్కి చూశాను, దోషం తిరిగొచ్చింది. అప్పుడు తట్టింది, పాతది అడిగేది రైల్వే టైం. సాయంత్రం నాలుగంటే దానికి పదహారు కొట్టాలి. పాతదాంట్లో పదహారు కొట్టాను. అది కూడా బుద్ధిగా దోషం లేదనే చెప్పింది. అంటే డాస్‌ది తప్పు లేదు, విండోస్‌ది గొప్పా లేదు. ఏడేళ్లుగా నాలుగు సైరన్‌కు పుట్టినవాళ్లనందరినీ తెల్లవారుజామున, పన్నెండు సైరన్‌కు పుట్టినవాళ్లనందరినీ మిట్టమధ్యాహ్నం పుట్టించాడు సేటు. చెరుకు ఊళ్లలో ఎనిమిది సైరన్‌వాళ్లొక్కళ్లే నిజంగా పుట్టిన వేళకు పుట్టారు.

సేటుకు చెప్పాను. ఆయన బయట బెంచీ మీద వరుసగా కూర్చున్న జనాన్ని ఒకసారి చూసి తలుపు దగ్గరికి వేశాడు.

"మిషిన్ తప్పంటే జనం ఊకుంటరు బిడ్డా. మనది తప్పంటే ఊకుంటరా? ఈ రైల్వే టైం ముచ్చట ఇక్కన్నే పాతిపెట్టు."

తర్వాత ఆయన ఆలోచన ఇంకా ముందుకు పోయింది. మారితే పాత కాగితాలు పట్టుకుని తన్నడానికి వస్తారు, మారకపోతే రాజమల్లు ఆ కొత్తదాన్ని ఇంకొకడికి అమ్ముతాడు. రెండు రోజులకు బయట కొత్త బోర్డు వేలాడింది. సంప్రదాయ కంప్యూటర్, ఆధునిక కంప్యూటర్, రెండూ కలవు. పాతదాంట్లో పాత పద్ధతిలోనే కొట్టాలని నాకు గట్టిగా చెప్పాడు.

జనం తంతారనుకున్నాను. లేదు, పండగ చేసుకున్నారు. సంబంధం ఇష్టం లేనివాళ్లు ఏది కాదంటే దాని కాగితం పట్టుకుపోయేవాళ్లు. ఇష్టమున్నవాళ్లు ఏది సరేనంటే దానిది. ఒకే సంబంధానికి పిల్ల తరఫువాళ్లు ఒకటి, పిలగాని తరఫువాళ్లు ఒకటి తీసుకుని బయట మెట్ల మీద కొట్లాడుకునేవాళ్లు. రెండు కాగితాలు ఎందుకు వేరుగా వచ్చాయని ఒక్కడంటే ఒక్కడు అడిగి ఉంటే, వాడికి టీ పోయించి మొత్తం చెప్పేసేదాన్ని. ఎవరూ అడగలేదు.

ఈలోగా శంకరమ్మ రామ్‌దాస్‌కు వేరే పిల్లను చూస్తోందని అవ్వ కబురు తెచ్చింది. చూసింది చాలు, కొత్త కాగితం పట్టుకుపోదాం పద అంది. ఇష్టం లేదు అంటే అబద్ధం. అతను ఇంకా నా మనసులో ఉన్నాడు, అందుకే పోయాను. శంకరమ్మ కాగితంలోని రంగు వినాయకుడిని చూసి మొదట కళ్లకద్దుకుంది. ఏ కంప్యూటర్ అని అప్పుడడిగింది. కొత్తదన్నాను. కాగితాన్ని మడిచి అవ్వ ఒళ్లో పెట్టింది.

"కొత్తది నిజమంటే, పాతది సూసి చేసిన మా పెద్దోని లగ్గం అబద్ధమైతది గదా. ఇంట్ల ఉన్న కోడల్ని ఏడికి పంపాలె?"

 రామ్‌దాస్ గుమ్మం పక్కన నిలబడి గోడకున్న క్యాలెండర్‌ను చదువుతున్నాడు. అది పోయినేటి క్యాలెండర్.

ఆ పై వారం అతనే కేంద్రానికి వచ్చాడు. సేటు భోజనానికి పోయాడు, బెంచీ ఖాళీగా ఉంది. అతను నా ముందు కుర్చీలో కూర్చుని గొంతు తగ్గించి మాట్లాడాడు. వాళ్లమ్మ చిల్లుల కాగితాన్నే నమ్ముతుందట. ఎట్లాగైనా చేసి అదే ఫలితం పాత కంప్యూటర్ మీద తీయమన్నాడు. నా కోసం బోధన్ నుంచి వచ్చాడు కదా అని గుండె ఉప్పొంగింది. సేటు ఆజ్ఞ పక్కన పెట్టి, రైల్వే టైం సంగతంతా అతనికి చెప్పాను. అతను నోరు వెళ్లబెట్టి విన్నాడు, తర్వాత నవ్వాడు. ఇంత చిన్న దానికేనా అన్నాడు.

నాకు పదహారు కొట్టాను. పాత ప్రింటర్ ఇల్లు అదరగొట్టి కాగితం ఇచ్చింది. కుజదోషం లేదు. అతను అందుకోబోతే ఆగమన్నాను. పొంతన చూడాలంటే ఇద్దరివీ కావాలి, అతనిదీ నాలుగు సైరనే. అతనికీ పదహారు కొట్టాను. ప్రింటర్ మళ్లీ కిర్రుమంది. కాగితం తలకిందులుగానే చదివాడు రామ్‌దాస్. కుజుడు ఏడో ఇంట్లో ఉన్నాడు, దోషం అతనికుంది.

అతను బయటికి ఒకసారి చూసి, కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"నాది నాలుగే కొట్టు గోదావరీ. నీది పదహారు ఉండనియ్యి. ఒక్కదానికేమైతది, ఎవలకు తెలుస్తది?"

నిజమే, ఎవరికీ తెలియదు. ఒక్క అంకె. కొడితే నా లగ్గం అయిపోతుంది, అవ్వ మళ్లీ నవ్వుతుంది. కానీ నేను ఆ దోషాన్ని రెండేళ్లు మోశాను. పక్కింటి పేరంటానికి పిలవకపోతే మోశాను, అవ్వ రాత్రిళ్లు గోడవైపు తిరిగి పడుకుంటే మోశాను. ఆ రెండేళ్లలో ఈ మనిషి ఒక్కసారి ఇక్కడిదాకా వచ్చి, ఆమెది ఇంకోసారి కొట్టి చూడమని అడగలేదు. తన మీదకు వచ్చేసరికి ఒక్క నిమిషం మోయలేకపోయాడు.

ఎదురుగా ఉన్న హోటల్ నుంచి టీ తెప్పించాను. కప్పు అతని ముందు పెట్టాను. అతని కాగితాన్ని చిల్లుల దగ్గర జాగ్రత్తగా చింపి, మడిచి, కప్పు పక్కన పెట్టాను.

"పిలగాడు మంచోడే. గని మిషిన్ ఒప్పుకోలే. ఏమనుకోకుండ్రి."

అతను టీ ముట్టుకోలేదు.