కుప్పంలో ఒకటో తరగతి

ఐర్లాండు సముద్రంలో నీళ్లు జూన్ నెలలో కూడా ఐసు కలిపినట్టే ఉంటాయట. అల్లుడు శాంతికుమార్ పాయసం తింటూ ఆ మాట చెబుతుంటే మణెమ్మ కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది. ఆదివారం చర్చి అయ్యాక మదనపల్లెలో కూతురు రెజీనా అత్తగారింట భోజనాలు. శాంతికుమార్ పక్కనున్న అంగళ్లు ఊళ్లో కాలేజీ లెక్చరరు. వాళ్లక్క సుగుణ ఐర్లాండులో నర్సు. సెలవులకు తల్లినీ తమ్ముణ్నీ మరదల్నీ రమ్మంది.

వెళ్లినవాళ్లు నాలుగు కొండలు చూసి, ఫోటోలు దిగి వస్తే సరిపోదా? సరిపోదు. ఈయనగారికి సముద్రం అడుగు చూడాలి. రబ్బరు సూటు తొడుక్కుని, వీపుకు గాలి సిలిండరు కట్టుకుని, పెళ్లాంతో సహా దిగాలి. గుర్రంకొండ కోట ఎక్కమంటే మోకాళ్లు పట్టుకునే మనిషి! మొదటిరోజు ఈత కొలనులో నేర్పిస్తారనీ, రెండోరోజు సముద్రమనీ కాగితం మీద గీతలు గీసి మరీ వివరిస్తున్నాడు.

సుగుణ పంపిన ఫారం ఇంటర్నెట్ సెంటరులో అచ్చు తీయించుకొచ్చాడు. ఒక్కో ప్రశ్నా తెలుగు చేసి పెళ్లాన్ని అడిగాడు.

"ఆస్తమా?"

"లేదు."

"ఫిట్సు?"

"లేదు."

"ఊపిరితిత్తుల జబ్బు ఎప్పుడన్నా వచ్చిందా?"

"లేదు," అంది రెజీనా అదే గొంతుతో.

"అది యాల అడగతారు నాయనా?" అంది మణెమ్మ.

"లోతులో పీల్చిన గాలి పైకొచ్చేటప్పుడు ఉబ్బతాది అత్తా. ఊపిరితిత్తిలో పాత మచ్చ ఉండి, గాలి ఆడ ఇరుక్కునిందంటే చీలిపోతాది. మనిషి పైకొచ్చేలోపల ప్రాణం పోతాది. మనకేం, గుండ్రాళ్ల మాదిరి ఉండాము." రెజీనా నవ్వి సంతకం పెట్టింది. మణెమ్మ గిన్నెలో పాయసం అలాగే మిగిలిపోయింది.

ఆ మచ్చ సంగతి మణెమ్మకు తెలుసు. తొంభై ఒకటిలో రెజీనాకు ఆరేళ్లు. దగ్గు, సాయంత్రం జ్వరం, కళ్లెలో రక్తం. మదనపల్లె క్షయ ఆసుపత్రిలో చేర్చారు. పుంగనూరులో వీధి వీధంతా "పాప యాడ?" అంటే మణెమ్మ, మొగుడు పేతురు ఒకే మాట చెప్పారు: కుప్పంలో పిన్ని ఇంట్లో ఒకటో తరగతి చదువుతోందని. ఆడపిల్లకు ఆ జబ్బు పేరు తగిలిందంటే రేపు ఏ గడపా ఎక్కనివ్వరు. చూడ్డానికి వెళ్లిన ప్రతిసారీ, బస్సు వేళకు పిల్ల చీర కుచ్చిళ్లు పట్టుకుంటే ఒక్కో వేలూ విడదీసి వచ్చేది. జబ్బు నయమైంది. ఎడమ పక్క మచ్చ ఉండిపోతుంది, ఏ డాక్టరు అడిగినా దాచవద్దు అని పెద్ద డాక్టరు చెప్పి పంపాడు. ఇంటికొచ్చాక పిల్లకు కూడా ఆ కుప్పం మాటే నూరిపోశారు. ఏళ్లు గడిచేకొద్దీ రెజీనా కుప్పంలో బడి గంట గురించీ, పిన్ని ఇంటి జామచెట్టు గురించీ తనంతట తనే చెప్పసాగింది. పిల్ల నమ్మేసిందని మణెమ్మ దేవునికి స్తోత్రం చెప్పుకుంది. పేతురు పోయాక, రెండేళ్ల కిందట, పెళ్లిచూపుల్లోనూ ఆ జామచెట్టు కథ బాగానే నడిచింది.

చెబితే కాపురం కూలుతుంది, చెప్పకపోతే కూతురు పోతుంది. మూడు రోజులు మణెమ్మకు ముద్ద దిగలేదు. నాలుగోనాడు ట్రంకుపెట్టె అడుగున ఉన్న ఎక్స్-రే తీసి, పాత దుప్పట్లో చుట్టి, మదనపల్లె బస్సెక్కింది.

రెజీనా వంటింట్లో బియ్యం ఏరుతోంది.

"పాపా, నువ్వు ఆ నీళ్లల్లోకి దిగొద్దు. సిన్నప్పుడు నీకు..."

"టీబీ," అంది రెజీనా తల ఎత్తకుండా. "తెలుసుమా."

మణెమ్మ మూట ఒళ్లో పెట్టుకుని గోడవారగా చతికిలబడింది.

"తొంభై ఐదులో గ్రహణం సూసేదానికి నాయన ట్రంకుపెట్టెలోంచి ఎక్స్-రే ఫిల్మే గదా తీసిచ్చింది. అది అవ్వ ఎక్స్-రే అని చెప్తివి. అవ్వ పేరు రెజీనా యాల అవుతాది? మూలన ఇంగ్లీషులో నా పేరు, ఆరేండ్లని రాసిండాది. నీకు సదివేది రాదు, నాకొచ్చు."

"మరి కుప్పం? జామచెట్టు?"

"పిన్నోళ్లింట్లో జామచెట్టు యాడుండాది? నువ్వొక మాట చెప్తే నేను రెండు కల్పిస్తి. నువ్వు బయపడతాంటే సూడలేకపోతి."

"అన్నీ తెలిసి సంతకం యాల పెడితివే? సచ్చిపోతావు!"

"సచ్చిపోతే ఒక దినం ఏడుస్తారు. చెప్తే దినామూ అడగతారు, యాల దాస్తివని." రెజీనా చేటలో రాయి ఏరి పక్కన పెట్టింది. "నువ్వు గమ్మునుండు మా. ఇరవై నిమిషాల పని. ఏమీ గాదులే."

ఊరి దగ్గర దాచానని పదహారేళ్లుగా అనుకుంది మణెమ్మ. పన్నెండేళ్లుగా తన పిల్ల తన దగ్గరే దాస్తోంది. చావడం కంటే చెప్పడం కష్టమని ఆ పిల్లకు నేర్పింది ఎవరు? తనే. తనమీద తనకే అసహ్యం వేసింది. దుప్పటి మూట తీసుకుని లేచింది. రెజీనా ఆమె చీర పట్టుకుంది. "వద్దుమా, నీ కాళ్లు పట్టుకుంటా." మణెమ్మ ఒక్కో వేలూ విడదీసింది.

హాల్లో శాంతికుమార్ పరీక్ష పేపర్లు దిద్దుతున్నాడు. మణెమ్మ మూట విప్పి ఇచ్చిన ఫిల్మును ఆయన కిటికీ వెలుతురుకు ఎత్తి, పేరు చదివాడు. తర్వాత వయసు చదివాడు. వాళ్లమ్మ పక్కగదిలోంచి వచ్చి నిలబడింది.

"నయమైపోయింది నాయనా, పూర్తిగా నయమైపోయింది. మచ్చే ఉండాది. దాన్ని నీళ్లల్లోకి దించొద్దు, నీకు పున్నెముంటాది."

ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. "దాచిపెట్టి పెండ్లి జేసినారు," అని మాత్రం అన్నాడు. ఫారం తీసుకుని, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. ఫిల్మును తిరిగి ఇవ్వలేదు.

జూన్ రెండోవారంలో తల్లీ కొడుకూ విమానం ఎక్కారు. అదేరోజు రెజీనా రెండు పెట్టెలతో పుంగనూరు బస్టాండులో దిగి, ఆటోలో ఇంటికి వచ్చింది. ఎన్నాళ్లుంటావని మణెమ్మ అడగలేదు. పెట్టె అందుకోబోతుంటే ఎదురింటి రెడ్డెమ్మ గడపలోకి వచ్చింది.

"ఏం పాపా, ఫారిన్ పోతావంటిరే?"

ఇక దాచేది లేదు, ఉన్నదున్నట్టు చెప్పేద్దామని మణెమ్మ నోరు తెరిచింది. రెజీనా అంతకంటే ముందే చక్కగా నవ్వింది.

"ఆయన ముందర పోయినాడు రెడ్డెమ్మక్కా. వీసా వస్తానే నేనూ పోతా. అంతవరకూ కుప్పంలో పిన్నోళ్లింట్లో ఉంటా. సిన్నప్పుడు ఒకటో తరగతి ఆడనే గదా సదివింది."

మణెమ్మ రెండు పెట్టెలూ లోపల పెట్టి తలుపు వేసింది.