పాట పక్కన అర్థం

సకల జనుల సమ్మె మొదలై మూడు వారాలైంది. భూపాలపల్లిలో బొగ్గుబాయిలు ఆగిపోవడంతో జనగామలో కరెంటు ఉండే వేళ కంటే లేని వేళే ఎక్కువైంది. పన్నెండింటికి తప్పక పోతుందని కంప్యూటర్ సెంటర్లో పనిచేసే ఉమకు తెలుసు. ఇప్పుడు పదకొండున్నర.

ఆమె వెనుక స్టూలు మీద తల్లి రామి కూర్చుంది. నర్మెట్ట దగ్గరి తండా నుంచి ట్రాక్టరెక్కి వచ్చింది. కిందటి వారం దీక్షా శిబిరంలో ఆమె లంబాడీలో సొంతంగా కట్టిన పాట పాడితే చప్పట్లు మోగాయి. "రాగం మంచిగున్నది గాని, ఏమంటున్నదో దేవునికే ఎరుక!" అని ముందు వరుసలో ఎవరో నవ్వారు. ఆ పూట రామికి అన్నం సయించలేదు.

"నవ్వితే నవ్విరి బిడ్డా, నేనేమన్ననో తెలిసి నవ్వాలె గద" అంది. ఇవాళ మళ్ళీ పాడాలి.

అందుకే ఉమ ఆ పాటను తెలుగు లిపిలో ఒక ఫైలుగా కొట్టింది. సమ్మెలో ఉన్న తెలుగు పంతులు సంపత్, రామి చెప్పగా విని, అర్థాన్ని ఇంకో ఫైలుగా రాసి తెచ్చి పక్కనే నిలబడ్డాడు. రెండింటినీ పక్కపక్కన నిలపడానికి నల్లని తెర మీద కొట్టే ఒక్క ఆదేశం చాలు: పేస్ట్. దాని వెంట రెండు ఫైళ్ళ పేర్లు.

ఉమ మీట నొక్కింది. ఎడమన పాట, కుడిన అర్థం. నాలుగు వరుసలు ముచ్చటగా సాగాయి. ఐదో వరుస నుంచి జత తప్పింది. విత్తనాల మాట పక్కన వలసపోయిన కొడుకు కబురుంది. చివరి నాలుగు వరుసల పక్కన ఏమీ లేదు. పేస్ట్‌కు అర్థంతో పనిలేదు; మొదటిదాన్ని మొదటిదానితో, రెండోదాన్ని రెండోదానితో జతచేయడమే దాని పని.

"సార్, మీ దాంట్ల నాలుగు వరుసలు తక్కువున్నయ్."

"మధ్యమధ్యల వచ్చే పిలుపు విడిచిన. పాడెటోళ్ళు ఒకలనొకలు పిలుసుకునుడే గద అనుకున్న."

"అయితే పాటల గూడ తీసేస్త. సరిపోతది."

రామి కూతురి మణికట్టు పట్టుకుంది.

"తియ్యకు! ఆ పిలుపు వింటనే ఎనుకున్నామె ముందుకొచ్చి చెయ్యి పడ్తది. నాలుగు పిలుపులకు నలుగురొస్తరు. పిలువకుంటే నేనొక్కదాన్నే గుండ్రంగ తిరుగాల్నా?"

సంపత్ నాలుక కరుచుకున్నాడు. "తప్పయింది అక్కా. తెలుగుల ఏమని పెట్టాలె?"

"'రా అక్కా, నా చెయ్యి పట్టు.' గంతే. పేరు పెట్టకుండ్రి. ఎవలు లేస్తరో ముందుగాల ఎట్ల తెలుస్తది?"

ఉమ అర్థాల ఫైలు తెరిచి, ఆ మాటను నాలుగు చోట్లా కూర్చింది. మళ్ళీ మీట నొక్కింది. ఈసారి విత్తనాల పక్కన విత్తనాలే నిలిచాయి. ప్రింటర్ నుంచి ముప్ఫై ఎనిమిదో కాగితం బయటికొస్తుండగా కరెంటు పోయింది.

శిబిరంలో కాగితాలు చేతులు మారాయి. రామి గొంతెత్తింది. మొదటి పిలుపుకు తండా నుంచి వచ్చిన కాళి లేచి చెయ్యి పట్టింది. రెండో పిలుపుకు అదే తండా దీప. మూడోది వినగానే, కూరగాయలమ్మే కొమురవ్వ పక్కన కాగితం చూస్తున్న కోడలిని మోచేత్తో పొడిచింది.

"గిప్పుడేమన్నదే?"

"'రా అక్కా, నా చెయ్యి పట్టు' అన్నదత్తా."

"అంత నోరార పిలుస్తుంటే గిట్ల కూసోబెట్టినవేందే నన్ను!"

కొమురవ్వ కొంగు బిగించి లేచింది. వెళ్ళి రామి చెయ్యి పట్టింది. ఆ అడుగులు ఆమెకు రావు, రెండుసార్లు తడబడింది. రామి నవ్వి, ఆమె కోసం పాటను కాస్త నెమ్మది చేసింది.